రంగు చూడొద్దు

తన కుర్చీలోకి రాబోయేదాన్ని నాలుగేళ్ళుగా తనే పెంచి పెద్దచేసిందని జల్లెడక్కకి సోమవారం పొద్దున పదిన్నరకి తెలిసింది. చెప్పింది పెద్ద సారు. కటువుగా ఏమీ చెప్పలేదు. కూర్చోమన్నారు, టీ తెప్పించారు, ఆమె రెండు గుక్కలు తాగేదాకా ఆగి మరీ చెప్పారు.

"నెలాఖరుకి మీ ఒప్పందం అయిపోతోందమ్మా. ఇంకో ఏడాది పొడిగించమని రాద్దామంటే ఈసారి నాకు కారణం కనబడటం లేదు. మీరు చేసే పని కంప్యూటర్ ప్రోగ్రామే చేసేస్తోంది. వందకి తొంభై ఏడు అచ్చం మీలాగే చెబుతోంది."

"మిగతా మూడూ?"

"ఆ మూడూ మీరే ఇవాళ ఒకలాగా, రేపు ఇంకోలాగా చెప్పేవి."

అనేశాక ఆయనకే ఇబ్బందిగా అనిపించినట్టుంది. "అది నేర్చుకుందంతా మీ దగ్గరే కదమ్మా. ఒకరకంగా మీ శిష్యురాలు," అన్నారు. శిష్యురాలొచ్చి గురువుని కుర్చీలోంచి లేపడం కూడా గురువుకి గౌరవమేనని ఆయన మనస్ఫూర్తిగా నమ్ముతున్నారు. మంచివాళ్ళతో వచ్చే చిక్కే అది, వాళ్ళ మీద గట్టిగా కోపం తెచ్చుకోవడానికి కూడా ఉండదు. జల్లెడక్క టీ చివరిదాకా తాగింది. వదిలేసి లేస్తే అలిగిందనుకుంటారు.

ఖగోళశాస్త్ర విభాగంలో రెండో అంతస్తు చివరి గది ఆమెది. వాళ్ళ వీధిలో అందరూ ఆమె రాత్రి తెల్లవార్లూ టెలిస్కోపుకి కన్ను ఆనించి చుక్కలు లెక్కపెడుతుందనుకుంటారు. ఆమె పని పదింటి నుంచి అయిదింటిదాకా, కిటికీకి వీపు పెట్టి. టెలిస్కోపుని ఆమె గోడ క్యాలెండర్లో తప్ప ఎక్కడా చూసిన పాపాన పోలేదు. ఎక్కడో కొండ మీద తీసిన ఫొటోలు ఆమె కంప్యూటర్లోకి వస్తాయి. ఒక్కో ఫొటోలో ఒక్కో గెలాక్సీ, అంటే కోటానుకోట్ల నక్షత్రాల గుంపు. దాని ఆకారం చూసి అదేమిటో చెప్పి మీట నొక్కాలి. పళ్ళెంలా చదునుగా, వంపు తిరిగిన చేతులు చాపుకుని ఉంటే చక్రం. చేతుల్లేకుండా, గీత అన్నది లేకుండా నున్నగా ఉంటే గుడ్డు. ఆ తర్వాత మధ్యలో ముద్ద ఎంత లావుగా ఉందో ఒకటి నుంచి అయిదులోపు ఒక అంకె వెయ్యాలి. రోజుకి వంద. అంత గబగబా ఏరి పారేస్తుందని వచ్చిన పేరే జల్లెడక్క.

ఆమె బల్లకి ఎదురుగా గోడ మీద నాలుగు సూత్రాల కాగితం ఉంటుంది. మొదటి రోజే పెద్ద సారు తన చేత్తో రాసిచ్చారు. అందులో మొట్టమొదటిది: రంగు చూడొద్దు. కొత్త నక్షత్రాలు పుడుతున్న చోట నీలంగా ఉంటుంది, పుట్టడం ఆగిపోయిన చోట ముసలి నక్షత్రాలు మిగిలి నారింజరంగుకి తిరుగుతుంది, రంగు చూశారంటే ఆకారం చెప్పలేరు, అని అప్పుడు వివరంగా చెప్పారు. ఆ కాగితం నలగకుండా ప్లాస్టిక్ తొడుగు వేయించింది ఆమే. ఆ మాట తాను ఒక్కనాడూ జవదాటలేదని ఆమె ధీమా.

ఈ ఏరడమంతా తూనీగ కోసం. తూనీగ పెద్ద సారు దగ్గర అయిదో ఏడాది పరిశోధన చేస్తున్న అమ్మాయి. కూర్చున్న చోట రెండు నిమిషాలు కుదురుగా ఉండదు. ఆమె వేసుకున్న ప్రశ్న చూడ్డానికి చిన్నదే. కొన్ని గెలాక్సీల్లో ఇంకా నక్షత్రాలు పుడుతూనే ఉన్నాయి, కొన్నిట్లో ఎప్పుడో ఆగిపోయాయి. ఈ పుట్టుకలకీ గెలాక్సీ ఆకారానికీ లంకె ఉందా? ఉందని తేలింది. చక్రాలన్నీ పిల్లల కోడిలా ఉన్నాయి. గుడ్లన్నీ పొదగడం మానేశాయి. మధ్య ముద్ద లావెక్కేకొద్దీ పుట్టుకలు తగ్గుతూ పోయాయి. తూనీగ గీసిన గీత స్కేలు పెట్టి కొట్టినట్టు వచ్చింది. వచ్చే నెల సిద్ధాంత గ్రంథం సమర్పించడమే తరువాయి.

ఆ సాయంత్రం జల్లెడక్క ఇంటికి వెళ్ళేసరికి ఆమె భర్త ముందు గదిలో మిషను మీద వంగి ఉన్నాడు. అతను దర్జీ. కొత్తవి కుట్టడం తగ్గి, ఈమధ్య ఎక్కువగా పాత బట్టలు సరిచేసే పనే వస్తోంది. ఎవరో ఇచ్చిపోయిన పూల చొక్కాని తిరగేసి, కుట్టు వెంట బొటనవేలు నడుపుతున్నాడు.

"నెలాఖరుదాకానే అట," అంది ఆమె చెప్పులు విప్పుతూ.

అతను తలెత్తి చూసి మళ్ళీ చొక్కా వైపు తిరిగాడు. "ఆ మిషనేనా?"

"అదే. నేను నేర్పిందే."

"నేర్పకుండా ఉండాల్సింది."

"నేర్పుతున్నానని నాకు తెలిస్తేగా. నా పాటికి నేను మీట నొక్కుకుంటూ పోయాను, అది పక్కన కూర్చుని చూసింది."

అతను చొక్కాని దీపం కింద పరిచాడు. "ఇదిగో, ఇక్కడ తప్పిందీ కుట్టు. పైనుంచి చూస్తే ఈ పూల గోలలో బ్రహ్మకి కూడా తెలీదు," అన్నాడు తనలో తను అనుకుంటున్నట్టు. ఆమెకి కాస్త కోపం వచ్చింది. ఉద్యోగం పోతోందంటే చొక్కా గురించి చెబుతున్నాడు. కానీ అతనికి బాధ కలిగినప్పుడు చేతులకి పని చెప్పడం మామూలే కాబట్టి ఊరుకుంది.

మంగళవారం తూనీగ పరుగున వచ్చింది. శుక్రవారం నిధులిచ్చే సంఘం వాళ్ళు చూడ్డానికి వస్తున్నారట. ప్రోగ్రామూ మనిషీ ఒకే మాట చెప్పిన బొమ్మలు కొన్ని గోడకి అతికించాలట. చక్రాలు నలభై ఎనిమిది, గుడ్లు నలభై ఎనిమిది.

"పోతూ పోతూ దాని పెళ్ళికి నేనే ముగ్గు పెట్టాలన్నమాట," అంది జల్లెడక్క.

తూనీగ ముఖం చిన్నబోయింది. "నేను సారుకి చెప్పి చూశానక్కా. నా మాట సాగలేదు."

"నిన్నేమీ అనడం లేదులే తల్లీ. కాగితాలు ఇలా తే."

వసారాలోని ప్రింటరులో రంగుల ఇంకు అయిపోయి ఉంది. వారం కిందటే అడిగారు, ఇంకా రాలేదు. రంగువి బయట వేయించుకుందాం, వరస కుదిరిందో లేదో చూసుకోడానికి ముందు నలుపు తెలుపులో తీద్దామంది తూనీగ. తీస్తే నారింజ బొమ్మలన్నీ బొగ్గు ముద్దల్లా వచ్చాయి. "వీటితో లాభం లేదక్కా. అసలువి ఇస్తానుండండి," అని తూనీగ వేరే ఫైళ్ళు పంపింది. రంగు బొమ్మ ఒక్కసారిగా తీసింది కాదు. మూడు నలుపు తెలుపు ఫొటోలకి మూడు రంగులద్ది ఒకదాని మీద ఒకటి పేరిస్తే వచ్చింది. ఆ మూడింట్లో బాగా తేటగా ఉన్న ఒక్కదాన్ని తూనీగ ఆమెకి పంపింది. నాలుగేళ్ళలో జల్లెడక్క వాటిని విడిగా చూడ్డం అదే మొదటిసారి. అవసరం పడలేదు మరి.

కాగితానికి ఆరేసి చొప్పున గుడ్లు ఎనిమిది కాగితాల్లో వచ్చాయి. ఆమె కత్తెర తీసుకుని అంచులు కత్తిరించడం మొదలుపెట్టింది. మూడో కాగితం దగ్గర చెయ్యి ఆగింది. బూడిదరంగు గుండ్రం చుట్టూ, గిన్నె అంచున పాలు కారిన చారలాగా, సన్నటి వంపు ఒకటి ఉంది. రెండో వైపు దానికి జోడు ఇంకొకటి. కాగితాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది. సొరుగులోంచి భూతద్దం తీసింది. అనుమానం లేదు. అవి చేతులు. ఇది చక్రం.

మిగతా కాగితాలన్నీ అలాగే చూసింది. నలభై ఎనిమిదింట్లో తొమ్మిది చక్రాలు.

ఆ క్షణంలో ఆమెకి కలిగింది సంతోషమే, దాచడం దేనికి. దీనికి కళ్ళు లేవు, అనుకుంది. తొంభై ఏడట, తొంభై ఏడు! చేతులు చాపుకుని నుంచున్నదాన్ని పట్టుకుని గుడ్డంటుందా! పైకే నవ్వింది. కత్తెర పక్కన పెట్టి, ఆ తొమ్మిదింటి నంబర్లు తూనీగ ఇచ్చిన జాబితాలో వెతికింది. జాబితాలో నంబరు పక్కన ఎడమ వరసలో ప్రోగ్రాము చెప్పింది, కుడి వరసలో ఆమె చెప్పింది. మొదటిదానికి ఎడమన గుడ్డు. కుడిన కూడా గుడ్డు. రెండోదానికీ అంతే. తొమ్మిదింటికీ అంతే. ఇద్దరి మాటా కలిసినవే ఏరి ఇచ్చారని సంతోషంలో ఆమెకి గుర్తులేదు.

కుర్చీలో కూర్చుని కంప్యూటర్లో మొదటిదాని రంగు బొమ్మ తెరిచింది. పండిన నారింజలా నిండుగా, వెచ్చగా ఉంది. ఆమె వేలు తనంతట తానే గుడ్డు మీట మీదికి వెళ్ళింది. వెళ్ళాక గాని వెళ్ళిందని తెలియలేదు. రెండోది తెరిచింది. మళ్ళీ అదే. బొమ్మ పూర్తిగా తెర మీద పరుచుకోకముందే వేలు అక్కడుంది. రంగు తీసి చూస్తే చేతులు కనబడుతున్నాయి, రంగు వేస్తే మాయమైపోతున్నాయి. మాయం కావడం లేదు, ఉన్నాయి. ఆమె వాటిదాకా చూడటం లేదు, అంతే.

గోడ మీద తొడుగు వేసిన కాగితం ఎప్పటిలాగే మెరుస్తోంది. అయిదవగానే కాగితాలన్నీ సొరుగులో పెట్టి తాళం వేసుకుని వెళ్ళిపోయింది.

బుధవారం పొద్దున వచ్చి, ఆ జాబితాని నిలువుగా మడిచింది. కుడి వరస వెనక్కి పోయింది. మడత మీద గోరుతో రెండుసార్లు గీసింది. తొమ్మిది బూడిద బొమ్మలూ దానికి జతచేసి పెద్ద సారు గదికి వెళ్ళింది. తను అబద్ధం ఆడబోవడం లేదని మెట్లు ఎక్కుతూ చెప్పుకుంది. ప్రోగ్రాము తప్పు చెప్పిన మాట నిజం.

పెద్ద సారు కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి ఒక్కో బొమ్మా కంటికి దగ్గరగా పెట్టుకుని చూశారు. "చేతులున్నాయే," అన్నారు. ఎడమ వరస చూశారు. "దీన్నా గుడ్డంది? ఇన్నా?" ఆయన ముఖంలో విచారం కన్నా ఊరట ఎక్కువగా ఉంది. సోమవారం నుంచి ఆ టీ ఆయనకీ అరిగినట్టు లేదు.

"యాభైకి తొమ్మిదంటే మాటలు కాదమ్మా. ఇక నాకు కారణం దొరికింది. ఏడాది పొడిగించమని ఇప్పుడే రాస్తాను," అని అప్పటికప్పుడు టైపు చేయడం మొదలుపెట్టారు. ఒక వాక్యం పైకి చదివి వినిపించారు కూడా. "అనుభవమున్న మనిషి చూపుకి ప్రోగ్రాము సాటిరాదని రుజువైంది. బాగుందా?"

"బాగుంది సార్," అంది ఆమె.

వసారాలోకి వచ్చేసరికి తూనీగ గోడకి టేపు అతికిస్తూ స్టూలు మీద నిలబడి ఉంది. పెద్ద సారు గొంతు కాస్త పెద్దదే, తలుపు తీసే ఉంది, ఏ బొమ్మలో తెలియకపోయినా ఉత్తరం సంగతి విన్నట్టుంది. స్టూలు మీంచి ఒక్క దూకు దూకి వచ్చి ఆమె చేతులు పట్టుకుంది.

"నేను చెప్పలేదూ! కళ్ళు కళ్ళేనక్కా. ఇంకోటి చెప్పనా? నా గ్రంథంలో మొదటి పేజీ రాసేశాను. ఈ పని మొత్తం ఒక మనిషి చూపు మీద నిలబడి ఉందని మీ గురించే రాశాను. అమ్మానాన్నల కన్నా ముందు మీరే. మా అమ్మకి చెప్పకండి."

జల్లెడక్క నవ్వడానికి ప్రయత్నించింది. ఆ పిల్ల అరచేతులకి టేపు జిగురు ఉంది. అయిదేళ్ళు. వచ్చే నెల సమర్పిస్తుంది. ఎప్పుడో, ఎక్కడో ఇంకెవరో రంగు తీసి చూస్తారు.

"ఉండమ్మా, ఒక కాగితం మర్చిపోయాను," అని ఆమె వెనక్కి తిరిగింది.

పెద్ద సారు ఇంకా టైపు చేస్తూనే ఉన్నారు. ఆమె బల్ల మీది జాబితా తీసుకుని, మడత విప్పి, అరచేత్తో సాపు చేసి ఆయన ముందు పెట్టింది.

"ఇటు పక్కది కూడా చూడండి సార్."

ఆయన చూశారు. కీబోర్డు చప్పుడు ఆగింది. మొదటి వరసా రెండో వరసా వేలితో జోడించుకుంటూ కిందదాకా వెళ్ళి, మళ్ళీ పైకి వచ్చారు.

"ఇవి మీరు చెప్పినవా?"

"నేను చెప్పినవే. దానికి కళ్ళు లేక కాదు సార్. నా కళ్ళే దానికి వచ్చాయి. నారింజగా ఉంటే గుడ్డు, నీలంగా ఉంటే చక్రం. రంగు చూడటం లేదనే అనుకున్నాను. చూస్తున్నాను."

పెద్ద సారు జాబితా పక్కన పెట్టారు. తర్వాత తూనీగని పిలిచారు. ఆ పిల్ల నిలబడే కాగితం చదివింది. ఆమె కుదురుగా నిలబడటం జల్లెడక్క అప్పుడే చూసింది.

"మీరు రంగు చూసి ఆకారం చెప్పారు," అంది తూనీగ నెమ్మదిగా. "పుట్టుకలు ఉన్నాయో లేవో నేను లెక్కకట్టిందీ రంగుతోనే. రంగుకీ రంగుకీ లంకె పెట్టి, ఆకారానికీ పుట్టుకకీ లంకె దొరికిందన్నాను. అందుకే గీత అంత తిన్నగా వచ్చింది."

ఆ కాగితం బల్ల మీద పెట్టేసి, ఎవరి వంకా చూడకుండా వెళ్ళిపోయింది. వసారాలో స్టూలు పక్కకి లాగిన చప్పుడు వినబడింది.

"ఇక ఈ ఉత్తరం పంపలేనమ్మా," అన్నారు పెద్ద సారు.

"తెలుసు సార్."

ఇంటికి వెళ్ళి భర్తకి అంతా చెప్పింది. అతను మిషను ఆపి విన్నాడు.

"మడత విప్పకపోతే ఎవరికి తెలిసేది?"

"కుట్టు తప్పని తెలిసీ మీరు చొక్కా ఇచ్చేస్తారా?"

"ఇస్తాను. ఒకసారి ఇచ్చాను కూడా," అన్నాడతను. సూదిలో దారం ఎక్కించుకుని మళ్ళీ అన్నాడు, "ఆ చొక్కా ఆయన ఇంటి ముందు నుంచి పోవాల్సి వస్తుందని ఇప్పటికీ చుట్టు తిరిగి వస్తుంటాను."

ఆమెకి నవ్వొచ్చింది. నిన్న సాయంత్రం నుంచి అదే మొదటిసారి. నవ్వు మధ్యలోనే ఏడుపూ వచ్చింది, కాసేపు అలాగే కూర్చుంది.

గురువారం తూనీగ ఆమె గది వైపు రాలేదు. మెట్ల దగ్గర ఎదురుపడితే పక్కకి తప్పుకుంది. ఆ పిల్ల తిట్టినా బాగుండునని జల్లెడక్కకి అనిపించింది. ఆ రోజు ఎవరూ ఏ పనీ చెప్పలేదు. సొరుగులు సర్దుకుంది, తనదైన కప్పు, శాలువా సంచిలో పెట్టుకుంది. గోడ మీది సూత్రాల కాగితం మాత్రం తీయబుద్ధి కాలేదు.

శుక్రవారం సంఘం వాళ్ళు వచ్చి వెళ్ళారు. ఏం చూపించారో ఆమెకి తెలియదు. మూడు గంటలకి తలుపు తోసుకుని తూనీగ వచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి, చేతిలో బూడిద బొమ్మల కట్ట ఉంది. కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నారింజవి మూడు వందలు తీసి చూశాను. రంగు లేకుండా. అరవై నాలుగు చక్రాలు."

"అరవై నాలుగా?"

"చక్కటి చక్రాలక్కా. చేతులు చెక్కుచెదరలేదు. పుట్టుకలు మాత్రం ఆగిపోయాయి. నా గీత ప్రకారం ఇలాంటివి ఉండనే కూడదు." బొమ్మల్ని బల్ల మీద ఒక్కొక్కటే పరిచింది. "ముద్ద లావెక్కితే పుట్టుకలు తగ్గడం ఇప్పటికీ కనబడుతోంది. అంత గట్టిగా లేదు, అంతే. కానీ వీటిని చూస్తుంటే నాకేమనిపిస్తోందంటే, కొన్నిట్లో పుట్టుకలు ముందు ఆగిపోతాయి. ఆకారం మారితే ఆ తర్వాతెప్పుడో మారుతుంది. ఇన్నాళ్ళూ ఇవన్నీ మీ గుడ్లలో దాక్కుని ఉన్నాయి."

జల్లెడక్క ఒక బొమ్మ చేతిలోకి తీసుకుంది. చూడ్డానికి ఏ లోటూ లేదు. ఎప్పటిలాగే తిరుగుతున్నట్టే ఉంది.

"నీ గ్రంథమో?"

"ఏడాది వెనక్కి పోయింది." తూనీగ కిటికీ వైపు చూసింది. "నాకు మీ మీద ఇంకా కోపంగానే ఉంది."

"ఉండాలి తల్లీ. ఉండనీ."

"ఆ మొదటి పేజీ కొట్టేశాను. మళ్ళీ ఏం రాయాలో తోచడం లేదు."

"ఏడాది ఉందిగా, చూద్దువులే."

పెద్ద సారు గుమ్మంలో నిలబడి ఎంతసేపయిందో తెలియదు. లోపలికి వచ్చి ఒక ఉత్తరం బల్ల మీద పెట్టారు. "జరిగింది జరిగినట్టు రాశానమ్మా. తప్పు ఎవరిదో రాశాను, దాన్ని పట్టుకున్నది ఎవరో కూడా రాశాను. పైవాళ్ళు మీకు ఆరు నెలలిచ్చారు. ఇక ఒక్కరి చూపు మీద వదలను. ముగ్గురు విడివిడిగా చూడాలి, ఒకరు చెప్పింది ఇంకొకరికి తెలియకూడదు. మీరు ఒకరు. అది పూర్తయ్యాక ప్రోగ్రాముకి మళ్ళీ మొదటినుంచీ నేర్పాలి."

"నేర్పాక?"

ఆయన నీళ్ళు నమల్లేదు. "నేర్పాక అదే చూసుకుంటుంది."

ఆమె ఉత్తరం మీద తేదీ చూసింది, సంతకం చూసింది. సంచిలోంచి కప్పు తీసి మళ్ళీ బల్ల మీద పెట్టుకుంది.

"సరే సార్. ఈసారి సరిగ్గా నేర్పి పోతాను."

సోమవారం పదింటికి ఆమె కుర్చీ తిప్పుకుని, కళ్ళజోడు కొంగుతో తుడుచుకుని మొదటి బూడిద బొమ్మ తెరిచింది. వేలు అలవాటుగా మీట మీదికి వెళ్ళింది. దాన్ని వెనక్కి తీసుకుని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది. మధ్యలో ముద్ద ఉంది. దాని చుట్టూ మసక. ఆ మసకలో ఏదో ఉందో, ఉండాలని తనకే అనిపిస్తోందో తెలియలేదు. భూతద్దం తీసింది. పెట్టేసింది. కాస్త వెనక్కి వాలి చూసింది. ఇంకాసేపు చూసింది.

ఆ సాయంత్రం అయిదింటికి పదిహేడే అయ్యాయి.